కార్వల్యాల్ తొట్టిలో చివరి చోటు

మా తమ్ముడు అడెలినో ద్రాక్షతొట్టిలో నిలబడి నవ్వులాటకి ఎడమ చెయ్యి ఖాళీలోకి చాచాడు. ఆ చెయ్యి కిందికి ఎవరో వచ్చి నిలబడ్డారు. జరిగింది ఇంతే. తరవాతదంతా దాని వెనక వచ్చింది.

నేనూ వాడూ కలిసి పోర్టోలో వ్యాన్ తిప్పుతాం. వాడు నడుపుతాడు, నేను మాట్లాడతాను. వచ్చినవాళ్ళకి పొద్దున ఊరు చూపించి, అక్కణ్ణించి డోరో లోయకి తీసుకెళ్ళి, ద్రాక్షతోటల్లో తిప్పి, నాలుగు గుక్కలు వైన్ తాగించి, దీపాలు పెట్టే వేళకి మళ్ళీ ఊళ్ళో దించుతాం. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి పెంచింది నేనే. బాగా పెంచానని చెప్పను. వాడికి నోరెక్కువ. బండి మాత్రం నిదానంగా, ఒంటి మీద గుడ్డ నలగకుండా నడుపుతాడు.

ఆ రోజు బండిలో ఇద్దరే. బ్రెజిల్ నుంచి వచ్చిన దంపతులు. ఆవిడ ఇవోనీ, పళ్ళ డాక్టరు. ఆయన డోరివాల్, మెడలో కెమెరా దించని మనిషి. వాళ్ళదీ మా భాషే, కాకపోతే మేం కొరికి మింగే మాటల్ని వాళ్ళు సాగదీసి పాడతారు.

పొద్దుటి నుంచీ వాన. పెద్ద చర్చి మెట్ల మీంచి నదీతీరానికి దిగేసరికి గొడుగులు తిరగబడ్డాయి. పాత పడవల వంతెన ఉండే చోట గోడకి ఒక రేకు బొమ్మ ఉంది. ఫ్రెంచి సైన్యం తరుముకొచ్చినప్పుడు జనమంతా వంతెన మీదికి ఉరికి, అది తెగి, నదిలో పోయారు. రెండొందల ఏళ్ళు దాటినా అక్కడ కొవ్వొత్తులు ఆగలేదు. ఇవోనీ కూడా ఒకటి వెలిగించింది.

"ఎంతమంది పోయారండీ?" అని అడిగింది.

"లెక్క లేదు. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని పోయారు. ఆ రాయి జారుతుంది, ఇటు అడుగెయ్యండి."

"మా అక్కకి చచ్చినవాళ్ళంటే భయం లేదమ్మా, తడిసిన మెట్లంటేనే," అన్నాడు అడెలినో.

ఇవోనీ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ హాస్యం వారానికి నాలుగుసార్లు వింటాను.

లోయ చేరేసరికి వాన సన్నబడింది గానీ ఆగలేదు. కొండల మీద మెట్లు మెట్లుగా ఉన్న తీగల మధ్య మంచు పాకుతోంది. కోతల కాలం. మామూలుగా అయితే వరసల్లో బుట్టలూ, పాటలూ, తిట్లూ వినబడాలి. ఆ రోజు ఒక్క మనిషి లేడు. తడిసిన కాయ కొయ్యరు. అందుకే కార్వల్యాల్ తోటలో పనివాళ్ళంతా ముందురోజు కోసిన కాయ తొక్కడానికి, సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే తొట్టిలోకి దిగారు.

కార్వల్యాల్‌లో కాయని ఇంకా కాళ్ళతోనే తొక్కుతారు. కొట్టం లోపల నడుము ఎత్తు రాతి తొట్టి ఉంటుంది. చిన్న ఇల్లు పట్టేంత వెడల్పు. పైన మసి పట్టిన దూలాలు, గోడలకి బెత్తెడు కిటికీలు, ఒక్క బల్బు. తొట్టి అంచు మీద కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది. పులిసే గుజ్జులోంచి చెడ్డ గాలి లేస్తే ముందు అదే ఆరిపోతుంది. ఆరితే అందరూ బయటికి దూకాలి. లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకి పచ్చి పిండి పులిసిన వాసన, చితికిన తొక్కల వాసన, తడి గోనెసంచుల వాసన తగిలాయి. ఏళ్ళ తరబడి పీలుస్తున్న వాసనే. నాకిష్టం కూడా.

తొక్కేవాళ్ళు వరసగా నిలబడి, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులు వేసుకుని, మోకాళ్ళు పైకెత్తి కలిసి అడుగెయ్యాలి. పిలుపు ఇచ్చేవాడు గట్టు మీద నిలబడి "ఎడమ... కుడి..." అంటూ ఉంటాడు. ఆయన "స్వేచ్ఛ!" అని కేకేసేదాకా ఎవరూ వరస విడవకూడదు. ఆ తరవాత వాయిద్యం మొదలవుతుంది, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు గెంతుతారు.

ఇంకో పద్ధతి ఉంది. వరస చివర ఉన్నవాడి రెండో చెయ్యి ఖాళీ కదా. ఆ చెయ్యి గోడకి ఆనించాలి, లేదా నడుముకి కట్టిన గుడ్డలో దోపుకోవాలి. పైకెత్తి ఉంచకూడదు. లోయలో పిల్లలకి ఇది తొట్టిలో దిగకముందే నేర్పుతారు. ఎందుకని అడిగితే "జారిపడతావు" అంటారు. చెయ్యి చాపితే జారడం తగ్గుతుంది గానీ పెరగదు. అయినా ఎవరూ ఎదురడగరు.

పిలుపు బల్తజార్ గారిది. ఆయన నోట్లోంచి అడుగుల మాట తప్ప ఇంకో మాట రావడం అరుదు. ఇవోనీ ప్యాంటు మడిచి దిగుతానంటే తల ఊపి, వరస మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళ నడుమ నిలబెట్టాడు.

"అమ్మో, చల్లగా ఉంది! వేళ్ళ సందుల్లోకి వస్తోంది!"

"మీరు రోజూ జనం నోట్లో వేళ్ళు పెడతారు కదా డాక్టరమ్మా, ఇదెంత," అన్నాడు అడెలినో. వాడు అప్పటికే చొక్కా చేతులు మడిచి వరస ఎడమ చివర చేరిపోయాడు. ఆ ఏడాది వరసకి ఒక మనిషి తక్కువ. వాడికీ గోడకీ మధ్య సరిగ్గా ఒక మనిషి పట్టే జాగా మిగిలింది. వాడు చెయ్యి నడుములో దోపుకున్నాడు. అంత వరకు బాగానే ఉన్నాడు.

నేను గట్టు కింద వాళ్ళ బూట్లూ కోట్లూ పట్టుకుని నిలబడ్డాను.

కాసేపు బాగానే నడిచింది. ఊదా రంగు గుజ్జులో కాళ్ళు దిగుతున్నాయి, లేస్తున్నాయి, చప్... చప్... మని. డోరివాల్ కెమెరా కన్నుకి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అడెలినో, నీ పక్కన బోసిగా ఉందయ్యా! చెయ్యి చాపు, వరస పొడుగ్గా కనబడుతుంది."

"చాపకూడదండీ," అన్నాను నేను.

"ఎందుకూ?"

నేను చెప్పేలోగా మా వాడు పళ్ళికిలించాడు. "ఎందుకంటే మా ముసలాళ్ళు భయస్తులు!" అంటూ ఎడమ చెయ్యి బయటికి లాగి, ఒక భుజం ఎత్తులో గాలిలో వేలాడేశాడు. "ఇదిగో, చోటుంది! ఎవరొస్తారో రండి, మొహమాటపడకండి!"

వరసలో నవ్విన వాళ్ళు ఇద్దరే. ఇవోనీ, వాడూ.

తక్కినవాళ్ళు తలలు దించుకున్నారు. బల్తజార్ గారి మొహం బూడిద రంగుకి తిరిగింది. అయినా పిలుపు ఆపలేదు. సగంలో పిలుపు ఆపకూడదు.

"ఎడమ... కుడి..."

అప్పుడు చూశాను. అడెలినో చెయ్యి కిందికి దిగింది. వాడు దించలేదు. పొట్టి మనిషెవరో కిందికి దూరి, దాన్ని తన భుజాల మీదికి సర్దుకున్నట్టు... దిగి, కాస్త కదిలి, కుదురుకుంది. వాడి వేళ్ళు ఒక గుండ్రటి దాని మీద వంగాయి. అక్కడ ఏమీ లేదు.

ముందు వాడూ నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు మూతి మీద ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి.

"ఎడమ... కుడి..."

వాడి కాళ్ళ పక్కన, ఆ ఖాళీలో, తొక్కలు విడిపోయాయి. గుంట పడింది. మూసుకుంది. దాని పక్కన ఇంకోటి. తక్కిన కాళ్ళతో పాటే, ఒక్క పిసరు ఆలస్యంగా. చప్... చప్. చప్... చప్.

కొవ్వొత్తి వైపు చూశాను. నిటారుగా వెలుగుతోంది. గాలి తప్పు కాదు.

వరస నా ముందు నించి పోతుంటే వాడు నా వైపు తల తిప్పాడు. పెదాలు సరిగ్గా కదల్లేదు.

"అక్కా... బరువుగా ఉంది."

"చెయ్యి దించు," అన్నాను గొంతు తగ్గించి.

"పట్టుకుంది."

బల్తజార్ గారు మిగతా అడుగులన్నీ మింగేసినట్టున్నాడు. ఒక్కసారిగా, మామూలు కన్నా చాలా ముందే, "స్వేచ్ఛ!" అని కేకేశాడు.

వరస తెగింది. వాయిద్యం మోగలేదు. జనం గెంతలేదు. ఎవరికి దగ్గరున్న గట్టు వాళ్ళు ఎక్కేశారు. ఇవోనీని ఇద్దరు చెరో రెక్కా పట్టి పైకి లాగారు. తొట్టిలో అడెలినో ఒక్కడే మిగిలాడు. నడుస్తూనే ఉన్నాడు. ఎడమ, కుడి. పిలుపు లేకుండానే. మూలకి పోతున్నాడు, అక్కడ గుజ్జు లోతు. మోకాళ్ళ దాకా ఉన్నది తొడల దాకా వచ్చింది.

"బల్తజార్ గారూ, ఏదైనా చెప్పండి! వదలమనండి!"

"ఎవర్నమ్మా వదలమనేది?" ఆయన గుసగుసలాడాడు. "నీ తమ్ముడు పేరు పెట్టి పిలవలేదు. ఎవరొస్తారో రండన్నాడు. ఈ తొట్టిలో ఎంతమంది తొక్కారో, ఎంతమంది లేవలేదో నాకేం తెలుసు?"

కోట్లు కింద పడేసి బూట్లతోనే దిగాను. వాడి కుడిచెయ్యి పట్టి లాగాను. నేను బలమైన మనిషిని. వాడు కదల్లేదు. కుడి పక్క చొక్కా పొడిగా, వెచ్చగా ఉంది. ఎడమ పక్క చంక దాకా తడిసి మంచులా ఉంది. అటు వైపు నించి ద్రాక్ష వాసన రావడం లేదు. మట్టి వాసన. చాలా కాలం మూసి ఉంచిన ఉన్ని బట్టల వాసన.

"అక్కా... నన్ను..."

"నోరు మూసుకో. నడవకు."

"నడవటం నేను కాదు."

వాడి గడ్డం వణుకుతోంది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు అలాగే వణికేది. గుజ్జు వాడి నడుముకి వచ్చింది. వాడి భుజం ముందుకి వాలింది. పక్కనున్నది కిందికి కూర్చుంటున్నట్టుంది, వాణ్ణి కూడా కూర్చోబెడుతున్నట్టుంది.

దేవుడి పేరు నాకు తోచలేదు. తోచి ఉంటే అదే అనేదాన్ని. నా నోటికి తెలిసింది ఒక్కటే. చర్చిలో ఆలస్యం చేసేవాళ్ళనీ, దుకాణాల్లో అతుక్కుపోయేవాళ్ళనీ కదిలించే గొంతు. రోజూ వాడే గొంతు. చప్పట్లు చరిచి అదే గొంతుతో అరిచాను.

"ఇంక చాలు! టైమైపోయింది! అందరూ బయటికి రండి. నా వెనకే రండి, బండి ఎక్కండి, బయలుదేరుతున్నాం!"

వాడి ఎడమ చెయ్యి వదులై కిందికి జారింది.

వాడు నా మీద కూలబడ్డాడు. ఇద్దరం గట్టెక్కాం, ఎలా ఎక్కామో గుర్తు లేదు. వెనకాల తొట్టిలో గుజ్జు చప్పుడవుతూనే ఉంది. వరస నడక కాదు. గబగబా... చాలా కాళ్ళు, గట్టు వైపు.

నేను తిరిగి చూడలేదు. డోరివాల్ భుజం పట్టి తోసుకుంటూ బయటికి నడిచాను. బల్తజార్ గారు తలుపు పక్కన గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. మేం నలుగురం దాటాం. ఆయన తలుపు వెయ్యలేదు. ఇంకా ఎవరో దాటాలన్నట్టు అలాగే పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

వ్యాన్‌లో ముందు ఇద్దరం, మధ్య వరసలో వాళ్ళిద్దరూ, ఇవోనీ పక్కన ఒక సీటు ఖాళీ, వెనక వరసంతా ఖాళీ. అడెలినో తాళం తిప్పాడు. వాడి ఎడమ చెయ్యి మళ్ళీ నడుములో దోపి ఉంది. ఒంటి చేత్తోనే స్టీరింగ్ పట్టుకున్నాడు.

"నడపగలవా?"

"ఇక్కణ్ణించి ఎక్కడికైనా నడుపుతాను."

తలుపులు మూశాను. ముందు సీట్లో కూర్చుని, ముక్కు చీదుకుని, అలవాటుగా అన్నాను: "బెల్టులు పెట్టుకోండి."

నాది, అడెలినోది పడ్డాయి. క్లిక్, క్లిక్. డోరివాల్‌ది, ఇవోనీది. క్లిక్, క్లిక్.

ఆ తరవాత వెనక వరసలో... క్లిక్.

ఇంకోటి.

ఇంకోటి.

చివరిది ఇవోనీ పక్క సీటులో. అది వెంటనే పడలేదు. ఇనుప నాలుక ప్లాస్టిక్ మీద గీరుకుంటోంది. ఇలాంటిది ముందెప్పుడూ చూడని మనిషి, అది ఎక్కడ దూరాలో వెతుక్కుంటున్నట్టు... గీరుకుని, గీరుకుని... క్లిక్.

అడెలినో అద్దం వైపు తలెత్తబోయాడు. గడ్డం పట్టి ముందుకి తిప్పాను.

"రోడ్డు చూడు."

లోయ మలుపులన్నీ అలాగే దాటాం. బండి ఎత్తు ఎక్కేటప్పుడు మూలిగింది. "నిండుగా ఉంది అక్కా," అన్నాడు వాడు, "పండగ రోజు తీసుకెళ్ళినట్టు నిండుగా ఉంది." కిటికీలు లోపల్నించి మసకబారాయి. మట్టి వాసన, ఉన్ని వాసన. ఎవరూ ఏమీ చెయ్యడం లేదు. బుద్ధిగా కూర్చున్నారు. అంత బుద్ధిగా కూర్చునే జనాన్ని నేనెప్పుడూ తీసుకెళ్ళలేదు.

"ఎర్మెలిందా గారూ," వెనక నించి ఇవోనీ గొంతు దారంలా వచ్చింది, "నా మోచేతికి... నా పక్కన..."

"బయటికి చూస్తూ ఉండండి. మాట్లాడకండి. పలకరించకండి."

డోరివాల్ ఆవిడ చెయ్యి పట్టుకుని రెండో చేత్తో జపమాల తిప్పుతున్నాడు. కెమెరా ఎక్కడో పడిపోయింది. అడగలేదు.

పోర్టో నదీతీరంలో వాన వెలిసింది. హోటళ్ళ బయట బల్లలు వేశారు, చేపలు కాలుతున్నాయి, ఎవరో గిటారు వాయిస్తున్నారు. జనం భుజాలు రాసుకుంటూ తిరుగుతున్నారు. బండి రోజూ ఆగే చోటే ఆగింది. ఎంత హాయి అనిపించిందంటే, రోజూ చేసేదే చేశాను. సీట్లో వెనక్కి తిరిగాను, మొహం మీద నవ్వు తెచ్చుకున్నాను, నోరు తెరిచాను.

అడెలినో చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. గట్టిగా. పళ్ళకి పెదవి తగిలి తెగింది.

అప్పుడు అర్థమైంది నేనేం చెప్పబోయానో. రమ్మంటే వచ్చారు. ఎక్కమంటే ఎక్కారు. పెట్టుకోమంటే పెట్టుకున్నారు. దిగమంటే దిగుతారు. మూడో వీధిలో అడెలినో ఇల్లు, వాడి ఇద్దరు ఆడపిల్లలు. చుట్టూ ఇంత జనం.

చప్పుడు లేకుండా కిందికి దిగి పక్క తలుపు జరిపాను. లోపల్నించి చలి నా మోకాళ్ళ మీదికి పొర్లింది. ఇవోనీకి చేత్తో సైగ చేశాను. ఆవిడ బెల్టు విప్పుకుని, పక్క సీటు వైపు చూడకుండా, భర్త మీదుగా పాకుతూ వచ్చేసింది. డోరివాల్ ఒక కాలు కింద పెట్టి, "ఇంక అందరం..." అన్నాడు. చొక్కా పట్టి బయటికి ఈడ్చేశాను. తలుపు మూశాను.

ఖాళీ సీట్ల బెల్టులు ఒక్కటి కూడా ఊడలేదు. తిన్నగా, బిగువుగా, లోపల ఎవరో ఉన్నట్టే ఉన్నాయి. ఎదురు చూస్తున్నాయి.

నది అవతలి గట్టున మా తాత పీపాలు చేసిన పాత కొట్టం ఉంది. పెద్ద వంతెన మీదుగా అక్కడికి పోయాం, నేనూ వాడూ. దారంతా ఒక్క మాట అనుకోలేదు. బండి లోపల పెట్టి, ఎవరి బెల్టు వాళ్ళం విప్పుకుని, మూగవాళ్ళలా దిగి, తలుపులకి తాళం వేశాం.

బల్తజార్ గారు రెండుసార్లు ఫోన్ చేశాడు. బండిని తోటకి తెచ్చి, అక్కడే దిగమంటే సరిపోతుందేమో అన్నాడు. "దిగి తొట్టిలోకే పోతారని మీరు మాట ఇస్తారా?" అని అడిగాను. ఇవ్వలేకపోయాడు. వాళ్ళు వెళ్ళాక తొట్టి ఎలా ఉందని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. కిందటేడు నించి అక్కడ యంత్రంతో కాయ పిండుతున్నారు.

పాదిరీ గారు వచ్చి కొట్టం బయట నిలబడి మంత్రజలం చల్లి, లోపలికి రానన్నాడు. ఇవోనీ ఊరెళ్ళాక ఒక మాట రాసింది: నా పక్కన కూర్చున్నది చిన్నపిల్ల అనుకుంటాను, దారంతా కాళ్ళు ఊపుతూనే ఉంది, అని.

మేం వేరే బండి తీసుకున్నాం. అడెలినో బతికే ఉన్నాడు, నడుపుతున్నాడు, నోరు తగ్గింది. అన్నం తినేటప్పుడూ, కూతుళ్ళని పడుకోబెట్టేటప్పుడూ, చర్చిలోనూ ఎడమ చెయ్యి నడుములోనే. వాడి పెళ్ళాం మొదట పోట్లాడింది, ఇప్పుడు చెయ్యి దోపుకోడానికి వీలుగా చొక్కాలకి నడుము దగ్గర గుండీ అసలు కుట్టదు.

ఏడాదికోసారి కోతల కాలంలో కొట్టం చూసొస్తాను. పై కప్పు కారుతోందేమోనని. వ్యాన్ టైర్లు నేలకి అంటుకుపోయాయి, బండి నిండుగా ఉన్నట్టు కిందికి కుంగి ఉంది. కిటికీలు లోపల్నించి మసక. ఈసారి ముందు అద్దం దగ్గర కొంచెం తేటగా ఉంటే టార్చి వేశాను. మేం విప్పేసి దిగిన డ్రైవరు సీటు బెల్టు పెట్టి ఉంది.

నేను ఇప్పటికీ ఊరు చూపిస్తాను. బండి ఆగగానే తలుపు తీసి, చేత్తో సైగ చేసి అందర్నీ దించుతాను. అదేదో నా తరహా అనుకుంటారు. అనుకోనీ. ఆ మాట ఏ బండిలోనూ నోట రానివ్వకూడదని ఆ సాయంత్రమే అనుకున్నాను. ఇంతవరకూ అనలేదు. అనను.